వీడియో వెనక అమ్మ గొంతు

మా చిన్నప్పుడు... మేమప్పుడున్న ట్రాయ్ ఊళ్ళో మంచు పడిన మర్నాడు పొద్దున్నే నాన్న పార పట్టుకుని డ్రైవ్‌వేలోకి దిగేవారు. ఆయన వెనకాలే నేను, మంకీ క్యాప్‌లో కళ్ళు మాత్రమే కనిపిస్తూ. గరాజ్ గుమ్మంలో శాలువా కప్పుకుని, క్యామ్‌కార్డర్ కంటికి ఆనించుకుని అమ్మ...

"ఇదిగో చెల్లీ, ఇదే మా ఇల్లు. ఆ మంచు తవ్వుతున్నది మీ బావగారే. వంటింట్లో గరిటె కూడా అందివ్వరు, ఇక్కడ చూడు ఎంత హుషారో!"

తెనాలిలో ఉన్న మా పిన్నికి చూపించడానికి తీసిన వీడియోలవి. "నువ్వు కాస్త ఆగితే మా మాటలు కూడా రికార్డ్ అవుతాయే!" అని నాన్న అరిచేవారు. అమ్మ ఆగితేగా...

కెమెరా ఎప్పుడూ తన చేతిలోనే ఉండేది కాబట్టి ఏ వీడియోలోనూ అమ్మ కనిపించదు. వినిపిస్తుంది, అంతే.

మా అమ్మాయి అన్వి పుట్టిన ఏడాదే అమ్మకు గొంతులో క్యాన్సర్ అని తేలింది. ఆపరేషన్ చేసి స్వరపేటిక తీసేశారు. ప్రాణం దక్కింది... మాట పోయింది. ఇప్పుడు అమ్మానాన్నలు ప్లేనో ఊళ్ళో మా దగ్గరే ఉంటున్నారు. అన్వికి తెలిసిన అమ్మమ్మ చేతులతో మాట్లాడే అమ్మమ్మ.

పాత క్యాసెట్లన్నీ ట్రాయ్ ఇంటి బేస్‌మెంట్‌లోకి నీళ్ళొచ్చినప్పుడు నానిపోయాయి. పైన బట్టల అలమారలో ఉన్న క్యామ్‌కార్డర్‌లో మాత్రం ఒక్కటి మిగిలింది. మొన్న నాన్న దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టారు. "మీ అమ్మకు చెప్పకు. ఏమీ లేకపోతే బాధపడుతుంది," అన్నారు. ఉంటే మాత్రం బాధపడదా... ఆ భయం నాది.

శనివారం పొద్దున ఆ టేపును ఫైల్‌గా ఎక్కించుకుందామని ఎర్ర, తెల్ల, పసుపు వైర్లు కెమెరాకూ కంప్యూటర్‌కూ తగిలించి ప్లే నొక్కాను. అమ్మ పక్కనే వంటింట్లో ఉంది. వినపడుతుందేమోనని లాప్‌టాప్ సౌండ్ తీసేశాను. బొమ్మ వణుకుతూ వచ్చింది. మంచు, పార, నాన్న నల్లటి జుట్టు... నాన్న తెరకు దగ్గరగా జరిగారు. ఉన్నట్టుండి కెమెరాలో కరకరమని చప్పుడు. తీసి చూస్తే టేపు నలిగి, చిక్కుపడి, తెగిపోయి ఉంది.

"ఫైల్ సేవ్ అయిందా తల్లీ?"

"అయింది నాన్నా."

మధ్యాహ్నం అమ్మ పక్కింటి ఆంటీతో వాకింగ్‌కి వెళ్ళింది. ఆ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెట్టాను. బొమ్మ చక్కగా వచ్చింది. మాట లేదు.

"అమ్మా, వాల్యూమ్ పెంచు," అంది అన్వి.

పెంచాను... చివరిదాకా పెంచాను. నాన్న నోరు కదులుతోంది, నేను గెంతుతున్నాను, అంతా నిశ్శబ్దం. మాట మోసే ఎర్ర, తెల్ల వైర్లు సరిగ్గా పెట్టలేదా? ఇంకోసారి ఎక్కిద్దామన్నా టేపు లేదు. నాన్న కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ కూర్చున్నారు.

లాప్‌టాప్ తెరిచాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే ఫైల్ నొక్కాను.

"ఇదిగో చెల్లీ..."

ఉంది! టీవీకే ఆ రకం ఆడియో అర్థం కాలేదు. హెడ్‌ఫోన్స్ తీసి నాన్న చెవులకు పెట్టాను. ఆయన కళ్ళు మూసుకున్నారు.

ఫైల్‌ని వేరే ఫార్మాట్‌లోకి మార్చి మళ్ళీ టీవీకి పెట్టాను. ఈసారి హాలంతా అమ్మే... గలగలా, గబగబా, మధ్యలో పకపకా నవ్వుతూ.

"ఎవరు మాట్లాడుతున్నారు? కనిపించట్లేదు!" అంది అన్వి.

"మీ అమ్మమ్మే, బంగారం," అన్నారు నాన్న.

అన్వి తలుపు వైపు చూసింది. నేనూ చూశాను. అమ్మ ఎప్పుడొచ్చిందో... చెప్పులు కూడా విప్పకుండా గుమ్మంలో నిలబడి ఉంది. ఆపేద్దామని రిమోట్ అందుకున్నాను. అమ్మ గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. వద్దన్నట్టు తల ఊపింది.

అలాగే సోఫాలో కూర్చుంది. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, కానీ పెదవులు కదులుతున్నాయి. టీవీలో మాటకు సరిగ్గా మాట కలుపుతూ... అన్వి ఒకసారి టీవీని, ఒకసారి అమ్మమ్మ పెదవుల్ని చూసింది. తర్వాత నెమ్మదిగా ఆవిడ ఒళ్ళోకెక్కింది.

"అమ్మమ్మా, నువ్వు చాలా లౌడ్!"

అమ్మ నవ్వింది. శబ్దం లేకుండా, భుజాలు కుదిపేసేలా.

ఇప్పుడు మన ఫోన్లలో లెక్కలేనన్ని వీడియోలు... అన్నిట్లోనూ మనమే, పోజులిస్తూ, పైన ఏదో పాట పెట్టుకుని. తీసేవాళ్ళు మాత్రం మాట్లాడటం మానేశారు. మీ పాత వీడియోల్లో కనపడకుండా వినిపించే గొంతు ఎవరిది? ఒకసారి విని, వచ్చి చెప్పరూ...