ఆషాఢంలో పెళ్లిచొక్కా

1999లో బెంగళూరు పక్కన కాడుగోడి స్టేషన్ రోడ్డు మీద, ఒక మేడ మెట్ల పక్కన నా ఇస్త్రీ బండి ఉండేది. మా ఆయన పోయాక ఆయన బొగ్గుల ఇస్త్రీ పెట్టె నా చేతికొచ్చింది. రోజంతా ఆ బరువు తోసిన చెయ్యి కనుక నాతో ఎవరూ దెబ్బలాటకు దిగేవారు కాదు. నాకు సంతకం వరకే వచ్చు. నేను చెప్పుకుంటూ పోతుంటే మా కోడలు రాస్తోంది. నా తిట్లలో సగం మింగేస్తోంది కూడా.

అమెరికాలో కంప్యూటర్ల వ్యాపారం పాలు పొంగినట్టు పొంగిందని అప్పట్లో చెప్పుకునేవారు. ఆ నురుగు మా రోడ్డు దాకా వచ్చింది. రాగిచేలలో అద్దాల ఆఫీసులు లేచాయి. మేడ మీద గదులన్నీ కుర్రాళ్లతో నిండిపోయాయి. మెస్సు వాళ్లు బాగుపడ్డారు, ఆటోల వాళ్లు బాగుపడ్డారు. నా పక్కన పూలమ్మే మునెమ్మ అందరికంటే బాగుపడింది. ఎప్పుడు చూసినా ఏదో కంపెనీ తెరిచేవారు, ప్రతి కంప్యూటరుకూ ఓ మూర పూలు పెట్టేవారు.

నేనూ ఆశపడి రెండో పెట్టె కొన్నాను. తీరా చూస్తే కుర్రాళ్లందరివీ కంపెనీ ఉచితంగా ఇచ్చిన టీషర్టులే. ఉతకడం, దులపడం, తగిలించుకోవడం. కింద జీన్సు. జీన్సుకు ఇస్త్రీ అంటే గేదెకు పౌడరు పూయడమే.

పై గదిలో మురళి అని గుంటూరు వైపు పిల్లవాడు ఉండేవాడు. ఒకరోజు అడిగేశాను.

"నీకు చొక్కాలే లేవా అప్పా?"

"ఇప్పుడు చొక్కాలెవరేసుకుంటారక్కా? మా బాసే నిక్కరేసుకుని ఆఫీసుకొస్తాడు. అమెరికా పద్ధతి."

"నిక్కరేసుకోనొచ్చి మీకు జీతాలిస్తాడా? ఆయప్పకు ప్యాంటు కొనే గతి ఉండాదో లేదో చూసుకోప్పా."

వాడు పడీ పడీ నవ్వాడు.

పాత గిరాకీతో ఎలాగో రెండేళ్లు ఈడ్చాను. ఇక మునెమ్మ పోరు పడలేక, బండిని పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేసి జిగణిలో ఫ్యాక్టరీ పనికి పోదామనుకున్నాను. మాట కూడా ఇచ్చేశాను. అప్పుడే, 2001లో, మురళి ఒక నీలం చొక్కా పట్టుకొచ్చాడు. ఫుల్ హ్యాండ్సు. కలరా ఉండల వాసన కొడుతోంది.

"పెళ్లుందక్కా. క్రీజు గట్టిగా రావాలి."

క్రీజంటే చేతి మీద నిలబడే మడత గీత. గంజి పెట్టి, కత్తిలా నిలబెట్టి ఇచ్చాను. మూడో రోజు అదే చొక్కా, ఇంకో పెళ్లి. ఆ తర్వాతి వారం మళ్లీ అదే.

మునెమ్మ బుగ్గన వేలు పెట్టుకుంది. "ఈ పిల్లోడికి ఎంతమంది చుట్టాలుండారే!"

ఇంతలో ఆషాఢం వచ్చింది. చొక్కా కూడా వచ్చింది.

"ఈసారెవరి పెళ్లప్పా?"

"మా పిన్ని కొడుకుదక్కా."

"ఆషాఢంలోనా? మీ పిన్నికేమన్నా పిచ్చా?"

మురళి మెట్టు మీద కూలబడ్డాడు. "ఉద్యోగం పోయిందక్కా. అమెరికాలో మా కంపెనీ మూసేశారు. ఇంటర్వ్యూలకు తిరుగుతున్నా. గదిలో వాళ్లకు చెప్పకక్కా, పరువు పోతుంది."

చెప్పనన్నాను. చెప్పలేదు కూడా. కానీ మర్నాడు అదే గదిలోని రెండోవాడు తెల్లచొక్కా తెచ్చి గృహప్రవేశం అన్నాడు. సాయంత్రం మూడోవాడు నిశ్చితార్థం అన్నాడు. నాలుగోవాడు మాత్రం సత్యవంతుడు, ఉద్యోగం పోయిందనే చెప్పాడు. "గదిలో వాళ్లకు తెలియనీకక్కా" అని బతిమాలాడు.

బండి అమ్మడం మానేశాను. రెండో పెట్టె కూడా రాజేశాను. మేడ మేడంతా చొక్కాలు దించుతోంది. అమెరికా మంచాన పడ్డాక నా పొయ్యి చక్కగా వెలిగింది. "ఈసారి తప్పకుండా వస్తాదిలే" అని ప్రతి పిల్లవాణ్నీ దీవించి పంపేదాన్ని. పంపాక, వాడికి వస్తే నా గతేమిటని లోపల పీకేది.

ఒక పొద్దున వానకు ఆటోలు దొరకవని ముందే బయల్దేరి నలుగురూ ఒకేసారి దిగారు. బండి కప్పు కింద నాలుగు చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. నలుగురూ చొక్కాలు చూసుకున్నారు, ముఖాలు చూసుకున్నారు.

"ఏమి చూస్తారప్పా? అందరిదీ ఒకే పెళ్లి. పెళ్లికూతురే దొరకలేదు!" అన్నాను.

మురళి ముందు నవ్వాడు. తర్వాత అందరూ వానలో నిలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. ఆ రోజు నుంచి నలుగురూ ఒకే ఆటోలో ఇంటర్వ్యూలకు పోయారు.

శ్రావణంలో మురళి మైసూర్‌పాక్ పట్టుకొచ్చాడు. "ఉద్యోగం వచ్చిందక్కా!"

పెద్ద ముక్క నోట్లో వేసుకుని అడిగాను. "ఆఫీసుకు ఏమేసుకోవల్ల?"

వాడు తల వంచాడు. "టీషర్టేనక్కా."

మైసూర్‌పాక్ గొంతుకు అడ్డం పడింది. నీళ్లు తాగి, ఆ నీలం చొక్కాను చివరిసారి మడిచి చేతికిచ్చాను. "దీన్ని పారేస్తే కాళ్లిరగ్గొడతా. పెట్టెలో అడుగున దాచుకో. అమెరికా మళ్లీ పడకేస్తే నీకూ పనికొస్తాది, నాకూ పనికొస్తాది."

మిగిలిన ముగ్గురికీ ఆలస్యంగానైనా దొరికాయి. నా బండి మాత్రం పోలేదు. ఏదో ఒక మేడలో ఎవరో ఒకరు ఇంకా వెతుక్కుంటూనే ఉండేవారు. ఇప్పటికీ ఎవరైనా ఒకే చొక్కా పదేపదే తెచ్చి పెళ్లుందంటే, ఏ నెల అని నేను అడగను. కాలరు మీద ఇంకొంచెం నీళ్లు చల్లి, గట్టిగా తోస్తాను.