రోమ్ సేనాపతులు, మా రూమ్ మటన్

గల్ఫ్‌కు పనికొచ్చి అబూ హమూర్‌లో ఉంటున్న మా రూమ్‌వాళ్లకు శుక్రవారం మధ్యాహ్నాలు నేనే కథ చెబుతాను. నా చదువు మూడో తరగతే, కానీ ఫోన్‌లో విన్నది ఒక్క ముక్క మరిచిపోను. మొన్న రోమ్ కథ ఎత్తుకున్నాను. రాజు లేకుండా సభ పెద్దలే ఏలిన దేశమది. ఇద్దరు సేనాపతులు అధికారం కోసం కొట్టుకుంటుంటే, ఆ పెద్దలు భయానికి కొందరు, ఆశకు కొందరు అమ్ముడుపోయారని తెగ తిట్టాను.

రూమ్ రెండుగా చీలి చెరో సేనాపతి పక్షం పట్టింది. ఆ రోజు వంట వంతు ఓడిపోయే సేనాపతి పక్షం పట్టిన కుర్రాడిది.

"కాకా, మావోడు ఓడితే నీకు ఉత్త కుబూస్ రొట్టెనే," అన్నాడతను, మటన్ గిన్నె మూత మీద చెయ్యి పెట్టి.

"మీవోడే గెలిచిండు బిడ్డా," అన్నాను.

"యల్లా కాకా, తిను. నువ్వు గూడ అమ్ముడువోయినవ్," అని అవతలి పక్షం నవ్వింది.

రెండోసారి వడ్డించుకునేసరికి ఆ సభ పెద్దల మీద నాకు కోపం పోయింది.