మా బావ, మరుగుదొడ్ల బిల్లు

మా బావ శాసనసభ్యుడు. ఈ మాట చెప్పగానే జనం లేచి కుర్చీ వేస్తారు. సభలో ఆయన దేని గురించి మాట్లాడతాడో చెప్పగానే ఆ కుర్చీ మెల్లగా వెనక్కి లాక్కుంటారు. మరుగుదొడ్ల గురించి.

సభకు వెళ్లకముందు ఆయన బస్సు కండక్టరు. నేనూ కండక్టరునే, పని నేర్పింది ఆయనే. ఇప్పటికీ ఆయన్ని అందరూ 'రైట్ రైట్' అనే పిలుస్తారు. ఎవరైనా ఉపన్యాసం సాగదీస్తే వెనక బెంచీలోంచి నిజంగానే "రైట్, రైట్" అంటాడు. స్పీకర్ మందలిస్తూనే ఉంటాడు. మా అక్క మాత్రం ఆయన్ని మందలించడం ఎప్పుడో మానేసింది.

ఆయన తెచ్చిన బిల్లు చాలా చిన్నది. ప్రతి బస్టాండులోనూ ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఉండాలి, దానికి తాళం ఉండకూడదు. ఈ తాళం సంగతి బయటివాళ్లకు అర్థం కాదు. మా బస్టాండులో మరుగుదొడ్డి ఉంది. దానికి తాళం ఉంది. తాళంచెవి మేనేజరు దగ్గర ఉంటుంది. మేనేజరు ఎక్కడుంటాడో దేవుడికే తెలియాలి. అందుకని మేం ఆడ కండక్టర్లం డ్యూటీ ఎక్కితే నీళ్లు ముట్టం. చివరికి నాకు ఇన్ఫెక్షన్ వచ్చి ఆస్పత్రిలో పడ్డాను. బావ వచ్చి మంచం పక్కన నా మందుల చీటీని అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు. వాగుడుకాయ మనిషి అలా కూర్చుంటే నాకే భయమేసింది.

"ఈ బిల్లు పాస్ చేయించకపోతే నీకు నా మొహం చూపించను" అని లేచి వెళ్లిపోయాడు.

ఆ ఏడు సభలో రెండు పక్షాలూ సరిసమానం. ఓట్లు కూడా సమానమైతే స్పీకర్ తేల్చాలి. సభ్యుడు సొంతంగా తెచ్చిన బిల్లయితే ఆయన వద్దనే అంటాడు, ఉన్నది ఉన్నట్టు ఉంచడం అక్కడి ఆనవాయితీ. అందుకని ఒక్క మనిషి తగ్గినా కొంప మునిగినట్టే. మనుషులు జారిపోకుండా కాపలా కాసేవాళ్లను విప్పులంటారు. ఆ విప్పులు మగవాళ్ల బాత్రూం గుమ్మం దగ్గర కూడా నిలబడేవాళ్లు. ముసలి సభ్యుడెవరైనా తుమ్మితే వీళ్లు గుండె పట్టుకునేవాళ్లు. ప్రజాసేవ మీద మంత్రిగారు మాట్లాడుతుంటే ఒకాయన గుర్రు పెట్టాడు. ఎవరూ లేపలేదు. మనిషి లోపలే ఉన్నాడు, అది చాలు.

ఇంకో ఆనవాయితీ ఉంది, దాన్ని జత అంటారు. అవతలి పక్షంలో ఒకరు మంచాన పడితే, ఇవతలివాళ్లలో ఒకరు జతగా ఓటు మానుకుంటారు. కాగితం ఉండదు, సంతకం ఉండదు. నోటిమాటే.

అవతలి పక్షంలో ఒక టీచరమ్మ ఉండేది, హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి వచ్చిన మనిషి. "సభ సమయం ఇలాంటి వాటికా?" అని బావ బిల్లును ఏకిపారేసింది ఆవిడే. ఆడవాళ్ల బాత్రూం మాత్రం ఆవిడకూ దూరమే. మెట్లు దిగి, వరండా దాటి, పాత భవనం చివరిదాకా నడవాలి. ఓటింగు గంట మోగిన కాసేపటికి తలుపులు మూసేస్తారు, వెళ్లిన మనిషి ఆలోపు తిరిగి రావడం కుదరదు. అందుకని ఆవిడా నీళ్లు మానేసింది. ఒకరోజు జ్వరంతో వణుకుతూ వరండాలో కూలబడింది. ముందు చూసింది మా బావ. అంబులెన్సు వచ్చేదాకా "నా ఓటు, నా ఓటు" అని ఒకటే కలవరింత.

"మీరు తిరిగొచ్చేదాకా నేనూ వెయ్యను టీచరుగారూ. నేను మీకు జత" అన్నాడు బావ.

అన్నాక గానీ గుర్తు రాలేదు, తన బిల్లు మర్నాడే ఓటింగుకు వస్తోందని. ఊరి పేరు వినకుండా టికెట్ కొట్టే కండక్టర్ని ఈయన్నే చూశాను.

బావ పక్షం విప్పు బతిమాలాడు. "ఆవిడ ఎలాగూ రాదు, నువ్వు వేస్తే ఒక్క ఓటుతో గెలుస్తాం. అప్పుడావిడకు ఒంటిమీద తెలివే లేదు. నీ మాట విన్నదో లేదో."

"నేను విన్నాను కదండీ" అన్నాడు బావ.

మర్నాడు మా బస్టాండు ఆడవాళ్లందరం గ్యాలరీలో కూర్చున్నాం. తలుపులు మూశారు. బావ సీటు ఖాళీ. ఆయన క్యాంటీన్లో టీ తాగుతున్నాడు. ఓట్లు సమానమయ్యాయి, స్పీకర్ వద్దన్నాడు, బిల్లు పోయింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"గొప్ప సత్యసంధుడివి బావా. ఆ సత్యాన్ని తెచ్చి బస్టాండులో నిలబెట్టు, దాని చాటున కూర్చుంటాం" అన్నాను. ఆయన ఆస్పత్రిలో నాకిచ్చిన మాట మరిచిపోలేదు. అన్నంత పనీ చేశాడు. అప్పట్నుంచి అక్కతో మా ఇంటికొస్తే గోడవైపు తిరిగి అన్నం తినేవాడు. అక్క ఆ గోడవైపే కూర వడ్డించేది.

కోపం చల్లారక, టీచరమ్మను కడిగేద్దామని ఆస్పత్రికి వెళ్లాను. చేతికి సెలైన్, బల్లమీద మందులు. అవి నాకు రాసిన మందులే.

"మీ జతగాడి మరదల్నండీ. నీళ్లెందుకు మానేశారు?" అని అడిగాను.

"బాత్రూం దూరమమ్మా."

"మాకు పక్కనే ఉందండీ. తాళం వేసి ఉంది."

ఆవిడ బల్లమీది నీళ్ల గ్లాసు అందుకుంది. "బళ్లో పిల్లలు బాత్రూంకని చిటికెనవేలు చూపిస్తే, కూర్చోమని కసిరేదాన్ని" అంది. అనుభవించండి అనే మాట నోటిదాకా వచ్చింది. సెలైన్ సీసా చూసి మింగేశాను.

తర్వాతి సమావేశాల్లో బావ మళ్లీ బిల్లు పెట్టాడు. పక్షాలు ఇంకా సమానమే. వ్యతిరేకించి తీరాలని టీచరమ్మ పక్షం గట్టిగా ఆదేశించింది. మేం మళ్లీ గ్యాలరీలో ఉన్నాం, ఈసారి ఆశ లేకుండా. ఓటింగు గంట మోగింది. టీచరమ్మ లేచి నిలబడింది.

"ఎక్కడికండీ?" వాళ్ల విప్పు పరుగెత్తుకొచ్చాడు.

"బాత్రూంకి."

"ఇప్పుడా?"

"డాక్టరు నీళ్లు బాగా తాగమన్నాడు నాయనా. తోడొస్తావా?" సభంతా వినేలా అడిగింది.

విప్పు మొహం ఎర్రబడి పక్కకు తప్పుకున్నాడు. ఆవిడ చేతిసంచి భుజాన వేసుకుని, మెట్లు ఒక్కొక్కటే దిగి వెళ్లింది. తలుపులు మూశారు. బిల్లు ఒక్క ఓటుతో గట్టెక్కింది.

కిందికి పరుగెత్తాను. వరండాలో బావ నన్ను చూసి అలవాటుగా గోడవైపు తిరిగాడు.

"ఇటు తిరుగు బావా" అని భుజం పట్టి లాగాను. మొహమంతా కన్నీళ్లే. నాకూ ఏడుపొచ్చింది.

వరండా చివర్నుంచి టీచరమ్మ తడిచేతులు తుడుచుకుంటూ వస్తోంది. "అయిపోయిందా?" అని అడిగింది.

బావ కళ్లు తుడుచుకున్నాడు. "రైట్, రైట్" అన్నాడు.