మూడు గోడల ఇల్లు

కొలత మేస్త్రికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉండే ఉంటుంది. సినిమా సెట్లు కట్టేచోట ఆ పేరు ఎవరికీ తెలియదు. మూడుసార్లు కొలవనిదే చెక్క మీద రంపం పెట్టడు కాబట్టి అతను కొలత మేస్త్రి. "నువ్వు నోట్లో పెట్టుకునే ముద్ద కూడా కొలిచే పెట్టుకుంటావేమోరా" అని తోటి వడ్రంగులు ఏడిపించేవారు. అతను నవ్వి ఊరుకుని, చెవి మీది పెన్సిలు తీసి నాలుగోసారి కొలిచేవాడు.

ఇరవై ఏళ్ళలో అతను కోటలు కట్టాడు, కోర్టులు కట్టాడు, జైళ్ళు కట్టాడు, ఒకసారి ఏకంగా ఓడనే కట్టాడు. ఏ ఒక్కటీ నెల దాటి నిలవలేదు. షూటింగు అయిపోగానే మేకులు పీకి, చెక్కలు విడదీసి, ఇంకో సెట్టుకి వాడుకోవడమే ఆ పని తీరు. దానికి అతనెప్పుడూ బాధపడలేదు. ఇంటికి వెళ్తే ఒక గది ఉండేది, గదిలో భార్య ఉండేది, భార్య ఒడిలో పాప ఉండేది.

పాపకి ఆరో ఏడు వస్తుండగా భార్య జబ్బుచేసి పోయింది. ఆ తరవాత రెండేళ్ళకి, వాళ్ళు అద్దెకున్న పాత మేడని పడగొడుతున్నాం, ఖాళీ చెయ్యమన్నారు. అతను పాప చెయ్యి పట్టుకుని ఊరంతా గదుల కోసం తిరిగాడు. ప్రతి గుమ్మం దగ్గరా అదే వరస. మొదట పాపని చూసి నవ్వేవారు, ఆ తరవాత అతని వెనక్కి తొంగిచూసేవారు.

"మీ ఆవిడేది?"

"లేదండీ. పోయింది."

"అయ్యో పాపం" అనేవారు. ఒక్క క్షణం ఆగి, "ఆడదిక్కు లేని సంసారానికి ఇవ్వమండీ, ఏమీ అనుకోకండి" అనేవారు. ఏమీ అనుకోకుండా ఎలా ఉంటాడో వాళ్ళే చెప్పాలి. కొందరు ఎక్కడ ఉద్యోగమని అడిగేవారు. సినిమా సెట్లు అని చెప్తే, అది ఉద్యోగమా అన్నట్టు చూసేవారు. నీ తరఫున పూచీ ఇచ్చే పెద్దమనిషి ఎవరైనా ఉన్నారా అని ఇంకొందరు. అలాంటి పెద్దమనిషి అతనికి లేడు.

ఉన్నదల్లా అక్క. రాత్రంతా రైల్లో వెళ్తే తెల్లారేసరికి వచ్చే ఊళ్ళో, ఒక ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే విభాగంలో పని. మాట కటువు. మేడ కూల్చేస్తున్నారని తెలియగానే ఫోన్ చేసి కడిగేసింది.

"పిల్లని పెంచడమంటే చెక్కలకి మేకులు కొట్టడం కాదురా. స్కూళ్ళు తెరిచేముందు ఆదివారం వస్తాను. తాళం వేసుకునే గది చూపించావా, చిట్టి నీ దగ్గరే ఉంటుంది. లేదా నాతో వచ్చేస్తుంది."

"చూపిస్తాలే అక్కా" అన్నాడు. అన్నాడే గానీ గది లేదు. భార్య పోయిన తరవాత అతనికి మిగిలింది చిట్టి ఒక్కతే. ఆ పిల్ల కూడా వెళ్ళిపోతే తెల్లారి లేవడం ఎందుకో అతనికి తెలియదు. అందుకే నాలుగు రోజుల తరవాత ఇంకో అడుగు ముందుకేసి, "గది దొరికింది అక్కా, నువ్వు వచ్చి చూద్దువు గాని" అని అబద్ధం కూడా ఆడేశాడు.

సరిగ్గా అప్పుడే ఆ సినిమా పని వచ్చింది. భార్య పోయిన మనిషి ఒకడు, ఉన్న ఇల్లు పోగొట్టుకుని, కూతుర్ని వెంటేసుకుని దిక్కులు తిరిగి, చివరికి నిలదొక్కుకుంటాడు. అదీ కథ. చూసినవాళ్ళలో బతుకు మీద ఆశ పుట్టాలని డైరెక్టరు పట్టుదల. ఆ హీరో కొన్నాళ్ళు తలదాచుకునే ఇరుకు గదిని కొలత మేస్త్రి కట్టాలి.

కట్టాడు. అంత శ్రద్ధగా అతను కోటని కూడా కట్టలేదు. మూడు గోడలు, నాలుగోవైపు కెమెరా కోసం ఖాళీ. కుళాయి ఉంది, నీళ్ళు రావు. కిటికీ ఉంది, అవతల రంగు వేసిన గుడ్డ ఉంది. పెయింటరు మూడు రోజులు కూర్చుని పొయ్యి మీది గోడకి మసి పట్టించాడు, మూలన చెమ్మ మరక ఎక్కించాడు. మంచం మీద చిరిగిన దుప్పటి, వంకర మేకుకి వంకర క్యాలెండరు, నేల మీద జల్లెడపట్టి చల్లిన దుమ్ము. డైరెక్టరు వచ్చి చూసి, "మేస్త్రీ, ఇలాంటి ఇంట్లో ఉన్నావా ఏంటి, ఇంత బాగా పట్టుకున్నావ్!" అన్నాడు. మేస్త్రి తల గోక్కున్నాడు.

మేడ కూల్చేసిన రోజు సాయంత్రం అతను ఒక ట్రంకుపెట్టె, ఒక పరుపుచుట్ట, చిట్టి చెయ్యి పట్టుకుని ఆ సెట్టుకే వచ్చాడు. తాళాలన్నీ వాచ్‌మన్ తాత దగ్గర ఉంటాయి. తాత పాపని చూశాడు, పెట్టెని చూశాడు. "పొద్దున్నే అందరూ వచ్చేలోపు పెట్టె వెనక్కి తోసెయ్యి" అన్నాడు. అంతే, ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు.

"నాన్నా, ఇది ఎవరి ఇల్లు?" అంది చిట్టి.

"నేనే కట్టాను."

పిల్లకి ఆ జవాబు చాలింది. నాన్న కట్టాడంటే నాన్నదే. అది సెట్టని, మనది కాదని అతను విడమర్చి చెప్పి ఉండాల్సింది. ఆ మొహం చూస్తూ చెప్పలేకపోయాడు. కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాం, పగలు పనివాళ్ళు వస్తారు, అప్పుడు బయట తాత దగ్గర ఆడుకో అని మాత్రం చెప్పాడు.

అలా ఇరవై మూడు రోజులు గడిచాయి. ఒకరోజు హీరోకి జ్వరమొచ్చి షూటింగు ఆగింది. మేస్త్రిని పక్క ఫ్లోరులో ఇంకో సెట్టుకి మెట్లు కట్టడానికి పిలిచారు. బయట ఎండ మండిపోతోందని తాత పాపని లోపలే ఆడుకోమన్నాడు. ఎనిమిదేళ్ళ పిల్లకి మధ్యాహ్నమంతా ఆ ఇల్లు ఒక్కదానికే దొరికింది.

చిట్టి ఇల్లు సర్దింది. వాళ్ళమ్మ ఎలా సర్దేదో అలాగే సర్దింది. దుమ్మంతా తుడిచి ఎత్తిపోసింది. గిన్నెల్ని పెద్ద దాని పక్కన చిన్నదిగా వరసలో పెట్టింది. క్యాలెండరు నిటారుగా తగిలించింది. బకెట్టుతో నీళ్ళు మోసుకొచ్చి, తన పాత గౌనుతో గోడ మీది మసిని అందినంత ఎత్తు కడిగేసింది. సాయంత్రం మేస్త్రి మెట్ల పని ముగించుకుని, ఒళ్ళు హూనమై వచ్చేసరికి గుమ్మంలో నిలబడి, "కళ్ళు మూసుకో నాన్నా" అంది.

కళ్ళు తెరిచాక అతని చూపు ముందు గోడ మీదికే పోయింది. సగం సీను అప్పటికే తీసేశారు. మిగతా సగంలో ఒక్క గిన్నె అంగుళం జరిగినా ఒప్పుకోరు, అందుకే ప్రతి మూలా ఫోటో తీసి పెట్టుకుంటారు. కానీ పిల్ల మొహం వెలిగిపోతోంది. "చాలా బాగుందమ్మా" అన్నాడు. తెల్లారకముందే పెయింటర్ని పట్టుకోవాలనుకున్నాడు, పెయింటరు ఊళ్ళో లేడు. తెలిసినంతలో తనే కాస్త మసి పూశాడు గానీ అది అతికించినట్టు ఉంది.

పొద్దున డైరెక్టరు కెమెరాలోంచి చూసి ఒక్క కేక పెట్టాడు. అసిస్టెంట్లు ఫోటోలు పట్టుకుని పరుగులు తీశారు. మేనేజరు నేరుగా వాచ్‌మన్ తాత దగ్గరకి వెళ్ళాడు.

"తాళాలు నీ దగ్గరే కదా ఉండేది? ఎవర్ని రానిచ్చావ్ లోపలికి?"

తాత నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు.

"చెప్పవా? అయితే నీ డ్యూటీ ఇవాళ్టితో సరి. తాళాలిచ్చి బయటికి నడు."

తాత నడుముకి కట్టుకున్న తాళాల గుత్తి విప్పడం మొదలుపెట్టాడు. డెబ్భై ఏళ్ళ వేళ్ళు, ముడి ఊడి రావడం లేదు. మేస్త్రి గోడ వారన సుత్తి పట్టుకుని నిలబడి ఉన్నాడు. గోడ వెనక, చెక్క దన్నుల మధ్య, ట్రంకుపెట్టె మీద చిట్టి కూర్చుని ఉంది. నోరు విప్పితే ఉన్న గూడు ఈ పూటే పోతుంది, ఎల్లుండి ఆదివారం. విప్పకపోతే ఆ ముసలాయన ఉద్యోగం పోతుంది. అతను చెక్కని మూడుసార్లు కొలిచే మనిషే కానీ, దీన్ని రెండోసారి కొలవలేదు.

"తాతనేమీ అనకండి సార్. తుడిచింది మా పాప."

"మీ పాపకి ఇక్కడేం పని?"

"మేం ఇక్కడే ఉంటున్నాం సార్. మాకు ఇల్లు లేదు."

లైట్లు పట్టుకున్నవాళ్ళు, మేకప్ వేసేవాళ్ళు, అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. సిగ్గుతో అతని చెవులు కాలిపోయాయి. ఇరవై ఏళ్ళుగా తనని మేస్త్రీ అని పిలిచిన మనుషులు వాళ్ళంతా. డైరెక్టరు మెల్లగా దగ్గరకొచ్చి, "ఎన్నాళ్ళయింది? తిండికి ఏం చేసేవాళ్ళు? పాప ఏమని అడిగేది?" అంటూ మొదలుపెట్టాడు. పక్కన అసిస్టెంటు నోటుబుక్కు తెరిచాడు. మనిషి చెడ్డవాడు కాదు, కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు కూడా. కానీ ఎదుటివాడి గుండె కోతలో తన సీను వెతుక్కునేవాళ్ళు ఉంటారు, ఆ పూట ఆయన ఆ బాపతే.

"గోడ సరిచేసుకోవాలి సార్" అన్నాడు మేస్త్రి.

మేనేజరు గొంతు తగ్గించాడు. "పని చేసుకో, నేనేం అనను. తాతా, నువ్వూ ఉండు. కానీ మేస్త్రీ, సాయంత్రానికి పెట్టె తీసెయ్యి. రేపు ఏ నిప్పో అంటుకుంటే నా పీకకి చుట్టుకుంటుంది."

మధ్యాహ్నం దాకా ఫోటో ఒక చేత్తో, బ్రష్షు ఒక చేత్తో పట్టుకుని అతను మసి పూశాడు. చిట్టి వెనక నిలబడి చూసింది.

"మళ్ళీ మురికి చేస్తున్నావేంటి నాన్నా? నేను తప్పు చేశానా?"

"నువ్వేం తప్పు చెయ్యలేదమ్మా. నేనే నీకు చెప్పలేదు. ఇది మనిల్లు కాదు తల్లీ."

చిట్టి గోడని చూసింది, నాన్నని చూసింది. వెళ్ళి, వరసలో పెట్టిన గిన్నెల్ని ఒక్కొక్కటే చెల్లాచెదురుగా పెట్టడం మొదలుపెట్టింది. అది చూసి అతను మొహం గోడకి తిప్పుకుని ఏడ్చాడు.

ఆ సాయంత్రమే అక్కకి ఫోన్ చేసి నిజం చెప్పేశాడు. తిడుతుందని కాచుకున్నాడు. "వస్తున్నాను" అని పెట్టేసింది. ఆ రెండు రోజులూ తాత తన గేటు గదిలో చోటిచ్చాడు. ఆదివారం అక్క వచ్చింది, పిల్లకి స్నానం చేయించి జడ వేసింది, ఒక్క మాట అనలేదు. ఆమె తిట్టి ఉంటేనే అతనికి కాస్త తేలికగా ఉండేది.

రైలు కిటికీ దగ్గర చిట్టి ఏడవలేదు. "ఎప్పుడొస్తావు నాన్నా?" అంది.

"గది దొరకగానే వస్తా. ఏదో ఒక ఆదివారం వచ్చేస్తా."

తల ఊపింది. రైలు కదిలింది.

ఆ తరవాతి పదకొండు నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పని చేశాడు, కూలీల షెడ్డులో పడుకున్నాడు, సెలవు దొరికిన ప్రతి పూటా గదుల కోసం తిరిగాడు. వారం వారం ఫోన్ చేసేవాడు. చిట్టి లెక్కల్లో ఎన్ని మార్కులొచ్చాయో చెప్పేది, అత్త ఏం వండిందో చెప్పేది. ఎప్పుడొస్తావని మాత్రం మళ్ళీ అడగలేదు. అలవాటు పడిపోయింది కాబోలు అనుకున్నాడు. మంచిదే కదా అని తనకి తాను సర్దిచెప్పుకునేవాడు, ఆ మాట ఎంత నమ్మాలన్నా నమ్మలేకపోయేవాడు.

మధ్యలో సినిమా విడుదలైంది. హీరో తాళం తీసి కొత్త ఇంటి తలుపు తోసే చివరి సీనుకి హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. ఆ తలుపు వెనక ఇల్లు లేదని, రెండు దన్ను కర్రలు, ఒక ఇసుక బస్తా ఉన్నాయని హాలు మొత్తంలో అతనొక్కడికే తెలుసు. అయినా అతనూ చప్పట్లు కొట్టాడు.

గది చివరికి వాచ్‌మన్ తాత వల్ల దొరికింది. తాత తన చుట్టాలావిడ ఇంటికి అతన్ని తీసుకెళ్ళాడు. ఆమె కూడా అందరిలాగే వెనక్కి తొంగిచూసి, "ఆడవాళ్ళు లేరా?" అంది. తాత అడ్డొచ్చాడు. "లేరమ్మా. ఇతని తరఫున పూచీ నాది. నా ఉద్యోగం పోకూడదని, కూతురున్న గూడు పోగొట్టుకున్న మనిషి ఇతను. ఇంతకన్నా ఏం చెప్పమంటావు?" ఆమె లోపలికెళ్ళి తాళంచెవి తెచ్చింది. మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటగట్టు. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. మేస్త్రి లోపలికెళ్ళి నాలుగు గోడలనీ వేళ్ళతో తట్టి చూశాడు. నాలుగూ గట్టివే.

శనివారం రాత్రి రైలెక్కాడు. ముందుగా ఫోన్ చెయ్యలేదు. దారి పొడుగునా ఒకటే భయం. ఏడాదిలో పిల్ల అక్కడ స్నేహితుల్ని చేసుకుని ఉంటుంది, అత్తకి చేరికయి ఉంటుంది. రానంటే ఏం చెయ్యాలి? రానంటే బలవంతం చెయ్యకూడదని, నవ్వు మొహంతోనే తిరిగి రావాలని నిశ్చయించుకున్నాడు.

తెల్లారి తలుపు అక్క తీసింది. అతన్ని, అతని చేతిలోని తాళంచెవిని చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"చిట్టికి ఇష్టమైతేనే అక్కా" అన్నాడు తడబడుతూ. "సర్దుకోవడానికి రెండు రోజులు కావాలన్నా ఉంటాను."

"సర్దుకోవడమా?" అంది అక్క. "ఏ ఆదివారమో చెప్పలేదు కదరా నువ్వు. ప్రతి ఆదివారం పొద్దున్నే లేచి బట్టలన్నీ సంచిలో సర్దుకుంటుంది. సాయంత్రం మళ్ళీ తీసి అలమరలో పెట్టేసుకుంటుంది. నీతో చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది, నాన్న బాధపడతాడని."

లోపలి గదిలోంచి చిట్టి వచ్చింది. ఒక బెత్తెడు ఎత్తు పెరిగింది. భుజానికి సంచి, కాళ్ళకి చెప్పులు. పరుగెత్తుకు రాలేదు, ఎదురుచూసి ఎదురుచూసి అలసిపోయిన పెద్దమనిషిలా నడిచొచ్చి అతని చెయ్యి పట్టుకుంది.

"రైలు ఎన్నింటికి నాన్నా?" అంది.