కాజీపేటకు మోసుకెళ్లిన మెడకర్ర

మొన్న మా మనవరాలు తను చేయించుకుంటున్న గిటార్ ఎంతవరకు వచ్చిందని అడిగితే, పని బాగా సాగుతోందని దుకాణం వాళ్ల దగ్గర నుంచి ఫోనుకు జవాబొచ్చింది. పిల్ల సంబరపడుతుంటే నేను మాత్రం ఫోను తీసుకుని ఆ జవాబును మళ్లీ చదివాను. ఎందుకంటే సరిగ్గా ఆ మాటే నేనూ ఒకసారి పోస్టుకార్డు మీద రాశాను, అది పచ్చి అబద్ధం.

మా అత్తవారిల్లు పట్నంలో, గౌలిపుర గల్లీలో. మామగారు సితార్లు చేసే మేస్త్రీ, కర్రను వేలితో తట్టి అది ఎంత ఆరిందో చెప్పగల మనిషి, అక్షరం ముక్క మాత్రం రాదు. ఆయనదొక నియమం. ఆర్డరిచ్చిన వాళ్లకు ప్రతి శనివారం కార్డు వెళ్లాలి, పని జరిగినా, జరగకపోయినా. జ్వరమొచ్చి ఈ వారం ఉలి ముట్టలేదని కూడా రాయించేవారు. పదో తరగతి చదివిన కోడలిని గనక రాసే పని నాది. నా గుండ్రటి దస్తూరి చూసుకుని నాకు కాస్త మిడిసిపాటు కూడా ఉండేది, దాచడమెందుకు.

సితార్లు కొనేవాళ్లు తగ్గిపోయిన ఆ డెబ్బైల్లో, కాజీపేట రైల్వే కాలనీలో ఉండి చర్చిలో వాయించే ఒక ఫిట్టర్, తన చేతికి తగ్గట్టు, మంద్రంగా మోగే బేస్ గిటార్ చేసిపెట్టమని, క్రిస్మస్‌కు అందాలని అడిగాడు. మామగారికి అదే మొదటి గిటార్. ఈ వయసులో ముసలాయనకు ఇదేం పిచ్చని గల్లీ అంతా నవ్వింది. తీరా డిసెంబరు మొదట్లో, తీగలు సాగే పొడవాటి మెడకర్ర మెలి తిరిగింది. సితార్ మెడ లోపల డొల్ల, తట్టితే తడి తెలిసిపోతుంది. బేస్ మెడ దిట్టంగా ఉండేసరికి లోపలి పచ్చి ఆయన వేలికి అందలేదు. కొత్త కర్ర చెక్కాలి, పండక్కి అందదని రాయమన్నారు. ఆర్డర్ చేజారితే గల్లీలో ఆయన తలెత్తుకోలేరని భయపడి, ఆయన ఒకటి చెబుతుంటే నేను పని బాగా సాగుతోందని రాశాను.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు ఆయన ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాను. తిడతారనుకున్నాను. ఆయన ఉలి కింద పెట్టి, "అబద్ధం కార్డు మీద పోయింది బిడ్డా, నిజం మనమే మోస్కపోవాలె," అన్నారు.

మర్నాడు ఆ వంకర కర్రను పాత దుప్పట్లో చుట్టుకుని ఇద్దరం కాజీపేట రైలెక్కాం. ఫిట్టర్ ఇంట్లో దాన్ని బల్ల మీద పెట్టి, తప్పంతా తనదేనని మామగారు చెప్పబోతే, కార్డు రాసింది నేనని అడ్డుపడి చెప్పాను. అతను కర్రనెత్తి, ఒక కన్ను మూసి పొడవునా చూశాడు. పండక్కి కొత్త గిటార్ వస్తోందని చర్చిలో అందరికీ చెప్పుకున్నాడట, ముఖం చిన్నబోయింది. ఇక అయిపోయిందనుకున్నాను.

"పండుగకు ఎవలదన్న అడిగి తెచ్చుకుంట," అన్నాడు చివరికి. "వంకర కట్టెను గూడ దాయకుంట తెచ్చి సూపెట్టిండ్రు. నాకు మీ చేతి గిటారే కావాలె పెద్దయ్యా."

ఫిబ్రవరిలో గిటార్ పూర్తయితే అతనే వచ్చి, వెంట తెచ్చుకున్న సౌండ్ డబ్బాకు తగిలించి వాయిస్తే మా వంటింట్లో గిన్నెలు అదిరాయి. నవ్విన గల్లీ మా వాకిట్లో నిలబడి వింది.

దానికన్నా నాకు గొప్పది ఇంకొకటుంది. కాజీపేట నుంచి వచ్చాక మొదటి శనివారం కార్డు రాయిస్తూ, కింద తన పేరు పక్కన నా పేరు కూడా రాయమన్నారు మామగారు. ఆయన పోయేదాకా ప్రతి కార్డు మీదా రెండు పేర్లే. ఇప్పుడు వస్తువులు అప్పటికన్నా నునుపుగా, తొందరగా వస్తున్నాయి, కాదనను. ఆలస్యమవుతుందని చెప్పడానికి రైలెక్కి వచ్చేవాళ్లు మాత్రం కనబడరు. అలా వచ్చిన ఒక మనిషి పేరు పక్కన నా పేరు రాసుకున్నదాన్ని నేను.