బంటు ఒక్క గడే జరిగింది

మా అక్క శాలినికి కోపమొస్తే అరవదు, చీపురు తీస్తుంది. ఆ ఆదివారం చెస్ క్లాసు నుంచి వచ్చి, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడుస్తోంది.

"ఏమైందక్కా?" అన్నాను.

"నన్నిక క్లాసుకి రావద్దన్నాడే ఆ జయకృష్ణ సారు."

నాకు ఒళ్ళు మండిపోయింది. మా అక్కంటే ఎవరనుకున్నాడు? గుణదలలో ఒక స్కూల్లో ఆటల టీచరు. ఏళ్ళ తరబడి పిల్లల్ని చెస్ పోటీలకి తీసుకెళ్ళి, వాళ్ళు లోపల ఆడుతుంటే ఇది బయట వాటర్ బాటిళ్ళు పట్టుకుని కిటికీలోంచి చూసేది. ఆట అలాగే నేర్చుకుంది. నలభై దాటాక ఒకరోజు, "జిల్లా మహిళల జట్టులో ఒక్కసారైనా నా పేరుండాలే, నేనూ లోపల కూర్చోవాలి" అంది. మా బావ అంతోని నవ్వాడు. "నీకిప్పుడు మోకాళ్ళ నొప్పులొచ్చే వయసు" అన్నాడు. "చెస్ మోకాళ్ళతో ఆడరులెండి" అని వెళ్ళి ఆ క్లాసులో చేరింది.

మన బెజవాడ సంగతి తెలిసిందేగా. ఏం నేర్పినా ముందు బట్టీ. ఆ క్లాసులో పిల్లలు నిలబడి ఓపెనింగ్‌లో, అంటే ఆట మొదట్లో, వేసే ఎత్తులన్నీ ఎక్కాల్లాగా అప్పజెబుతారట. అక్క చివరి బెంచీ నుంచి లేచి అడిగింది.

"సర్, తెల్లపావులు మనవి, బిషప్‌ని బయటికి తెస్తున్నాం. నల్లపావులవాళ్ళు మంత్రి ముందు బంటుని రెండు గళ్ళు కాకుండా ఒక్క గడే జరిపితే?"

"ఎవరూ అలా ఆడరు మేడమ్. అది ఇంపార్టెంట్ కాదు."

"ఆడితే?"

"ముందు మీరు అప్పజెప్పండి."

"అర్థం కాకుండా నేను అప్పజెప్పను సర్."

పిల్లలు కిసుక్కుమన్నారు. సారు మొహం మాడ్చుకుని, "మీ వయసుకి ఇంట్లో ఆడుకోవడమే మంచిదండి, రేపట్నుంచి రాకండి" అన్నాడట. ఎంత పొగరు!

చీపురు మూలన పెట్టి అక్క డైనింగ్ టేబుల్ మీద గోంగూర కట్టలు పక్కకి నెట్టింది, బోర్డు పరిచింది. ఆ రోజు నుంచి అదే దాని క్లాసు. ఓపెనింగ్‌లోనే ఎవరో ఒకరు చిత్తయిపోయిన ఆటలు ఫోన్‌లో వెతికేది. తప్పు జరిగిన చోట ఆట ఆపి, పావులు అలాగే పేర్చి నన్ను పిలిచేది. "ఇక్కడొక దెబ్బ ఉంది. కనిపెట్టు చూద్దాం."

"నాకెందుకక్కా ఈ గోల?"

"జనం ఎక్కడ చచ్చారో చూస్తే, అక్కడికి ఎందుకు పోకూడదో దానంతటదే గుర్తుంటుందే. బట్టీ ఎందుకు?"

మొట్టమొదటి పజిల్, సారు ఇంపార్టెంట్ కాదన్న ఆ ఒక్క గడి సంగతే. బంటు రెండు గళ్ళు వెళ్తే వరసకి అడ్డంగా నిలబడుతుంది. ఒక్క గడితో ఆగితే వరసంతా ఖాళీ. నల్ల మంత్రి ఈ చివరికొచ్చి రాజుకి చెక్ ఇస్తూనే, అదే వరసలో అటువైపున్న బిషప్‌నీ పట్టేస్తుంది. బిషప్ వెనక్కి పారిపోదామంటే సొంత బంటే దారికి అడ్డం. దెబ్బ నాకు దొరికింది గానీ ఈలోగా పొయ్యి మీద అన్నం మాడిపోయింది. బావ ఆ రాత్రి ఆ మాడిన అన్నమే తిన్నాడు.

జిల్లా సెలక్షన్స్ చల్లపల్లిలో ఒక స్కూలు హాల్లో పెట్టారు. మధ్యలో ఒక ఆట ఘోరంగా ఓడిపోయింది అక్క. ఇక చివరి ఆట గెలిస్తేనే జట్టులో చోటు, లేకపోతే లేదు. ఎదురుగా కూర్చుంది ఎవరనుకున్నారు? అనఘ! ఇంజనీరింగ్ చదివే పిల్ల, జయకృష్ణ సారు కళ్ళలో పెట్టుకుని చూసుకునే శిష్యురాలు. ఈసారి కిటికీ బయట వాటర్ బాటిల్ పట్టుకున్నది నేను.

అక్కవి నల్లపావులు. అనఘ బంటు జరిపింది. అక్క మంత్రి ముందు బంటుని పట్టుకుని ఒక్క గడే జరిపింది. అనఘ ఆ బంటు వైపు చూడనైనా లేదు, బిషప్‌ని బయటికి తెచ్చింది. అక్క ఇంకో బంటు జరిపి మంత్రికి దారిచ్చింది. అనఘ అప్పజెప్పినట్టే తన బంటుని ముందుకి తోసి బిషప్ దారి మూసేసింది. అయ్యో పిచ్చితల్లీ, కళ్ళు తెరిచి చూడవే అనుకున్నాను, ఎవరి వైపున్నానో మర్చిపోయి.

అక్క మంత్రిని ఆ వరస చివరికి తెచ్చి చెక్ ఇచ్చింది. అప్పటికే గుర్రం మీదకి వెళ్తున్న అనఘ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. చెక్ కాచుకుంది, బిషప్ పోయింది. ఆ తర్వాత కూడా ఆ పిల్ల పంతంగా పోరాడింది. మా అక్క ఒకచోట తడబడింది కూడా. కానీ వదల్లేదు, గెలిచింది!

బయటికి రాగానే సారు ఎదురొచ్చాడు. "లక్కు కలిసొచ్చింది మేడమ్. అలా ఎవరూ ఆడరు."

అక్క నా చేతిలో బాటిల్ లాక్కుని గటగటా తాగింది. "నేను ఆడతానండి" అంది.

అనఘ కళ్ళు తుడుచుకుంటూ వచ్చింది. "మేడమ్, మీరు రెండు గళ్ళు జరిపుంటే నా ఎత్తులు కరెక్టే కదా?"

"కరెక్టేనమ్మా. ఎందుకు కరెక్టో చెప్పు."

ఆ పిల్ల నోరు తెరిచింది, సారు వైపు చూసింది. సారు వాచీ చూసుకుని, "వ్యాను బయల్దేరుతోంది, పద" అన్నాడు.

అనఘ కదల్లేదు. అక్క అక్కడే మెట్ల మీద కూర్చుని, సంచిలోంచి బోర్డు తీసి పావులు పేర్చడం మొదలుపెట్టింది.

"మీరు వెళ్ళండి సర్" అంది అనఘ. "నేను బస్సులో వస్తాను."