దండెం మీద బనియన్

దీపం ముందు కూర్చుని అబద్ధం చెప్పే అలవాటు నాకు లేదు. ఇది జరిగింది... మా క్వార్టర్ వెనక వాకిట్లోనే.

మా ఆయన రాజన్న బొగ్గుబాయిలో పనిచేస్తాడు. ఛాతీ పట్టేస్తోందంటే దవాఖానలో ఒక బనియన్ ఇచ్చారు. దాని అల్లికలోనే గుండెను పట్టే సన్నని తీగలున్నాయి. తొడుక్కుంటే చాలు, ఆ గుండె నా ఫోనులో వినిపిస్తుంది. టుక్... టుక్... ఇలాంటిది మా ఇంటికి వచ్చినందుకు రోజూ దండం పెట్టుకునేదాన్ని.

కానీ బాయిలో గ్యాసు ఉంటుంది కదా, ఇలాంటి కరెంటు వస్తువులు దిగనివ్వరు. ఆ రోజు రాత్రి షిఫ్టుకు పోతూ విప్పి నా చేతిలో పెట్టాడు.

"ఏందే, మొఖం గట్ల పెట్టినవ్?"

"గుండెను ఇంట్ల పెట్టి పోతున్నవ్ గద. నాకు ఫికర్ ఉండదా?"

"చెమట వాసనొస్తున్నది. ఫికర్ తర్వాత, ముందు జర ఉతుకు!"

నవ్వుకుంటూ పోయాడు. ఉతికి దండెం మీద ఆరేసి పడుకున్నాను.

టుక్... టుక్...

కలేమో అనుకున్నాను. ఫోనులో పచ్చని గీత పాకుతోంది. తలుపు తీశాను. వెన్నెల... గాలి లేదు. చీరలు కదలడం లేదు. బనియన్ ఒక్కటే... ఛాతీ దగ్గర మెల్లగా ఉబ్బుతోంది. తగ్గుతోంది. నిద్రపోయే మనిషి ఊపిరిలా. భయమేసింది... అయినా కళ్లు తిప్పుకోలేకపోయాను.

అంతలో ఆ చప్పుడు తడబడింది. టుక్... ... టుక్... ... ...

ఆగిపోయింది.

తడి బనియన్‌ను లాగి గుండెకు హత్తుకున్నాను. "స్వామీ, ఇచ్చింది నువ్వే... ఉంచు." నీళ్లు నా రవికలోకి చల్లగా దిగుతున్నాయి. ఎంతసేపో...

టుక్. మళ్లీ టుక్.

తెల్లవారి ఇంటికొచ్చాడు. ప్రాణంతో. అంతా చెబితే నవ్వాడు.

"పిచ్చిదానా, హత్తుకున్నవ్ గద! గది నీ గుండెనే."

"హత్తుకోకముందు కొట్టుకున్నది ఎవరిదయ్యా?"

చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"రాత్రి జరంత పట్టేసింది. కూలవడ్డ. గప్పుడు ఛాతి మీద సల్లగ తడి తగిలింది... పైనుంచి నీళ్లు కారుతున్నయేమో అనుకున్న. టోపీ లైటు తిప్పి చూసిన."

"చూస్తే?"

"పైకప్పు పొడిగనే ఉన్నది."

అప్పటికప్పుడు దవాఖానకు తీసుకుపోయాను. ఇప్పుడు ఆయనకు బాయి పైనే డ్యూటీ. ఆ దయకు రెండు పూటలా దీపం పెడుతున్నాను. ఆ రాత్రి దండెం మీద ఊపిరి తీసుకున్నది ఏమిటో... ఇప్పటికీ తెలియదు. చీకటి పడితే మాత్రం ఆ బనియన్‌ను లోపలికి తెచ్చుకుంటాను. ఒంటరిగా బయట ఉంచబుద్ధి కాదు.